అడిగేవాళ్లకు తెలియని లెక్క

ఫ్రెషర్ రెజ్యూమె చేతికి వస్తే నా కళ్లు నేరుగా ప్రాజెక్టుల దగ్గరికి వెళ్తాయి. మార్కులు, సర్టిఫికెట్లు, తెలిసిన భాషల జాబితా అన్నీ తర్వాతే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ రాస్తూ, మా టీముల్లోకి మనుషుల్ని ఎంపిక చేసే ప్యానెళ్లలో కూర్చుంటూ ఇరవై ఏళ్లు దాటింది. ఉద్యోగ అనుభవం లేని మనిషి ఎలా ఆలోచిస్తాడో చూపించే చోటు రెజ్యూమెలో అదొక్కటే. అందుకే ఆ నాలుగు లైన్లను నేను మిగతా కాగితమంతటి కన్నా నెమ్మదిగా చదువుతాను.

అక్కడ ఎక్కువగా కనిపించేవి మీరూ ఊహించగలరు. ఆన్‌లైన్ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, విద్యార్థుల హాజరు పట్టీ, నెట్‌ఫ్లిక్స్ పేజీకి నకలు, వాతావరణం చూపించే యాప్. డేటా సైన్స్ పిల్లలైతే టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతుకుతారో చెప్పే మోడల్, లేకపోతే ఐరిస్ పూల వర్గీకరణ. ఐరిస్ డేటాను రొనాల్డ్ ఫిషర్ తన వ్యాసంలో వాడింది 1936లో. అందులో ఉన్నది 3 జాతులు, 150 పూలు. దాదాపు తొంభై ఏళ్లుగా ప్రపంచమంతా విడదీస్తున్న పూలను ఇంకోసారి విడదీసి, 97 శాతం కచ్చితత్వం వచ్చిందని రాస్తే నేను ఏం అడగాలి? బోస్టన్ ఇళ్ల ధరల డేటా కూడా ఇప్పటికీ వస్తూనే ఉంది. అందులోని ఒక అంశం నల్లజాతి వాళ్ల జనాభాను ఇంటి ధరకు ముడిపెట్టేలా ఉందన్న అభ్యంతరంతో సైకిట్-లెర్న్ వాళ్లు దాన్ని తమ లైబ్రరీలోంచి 1.2 వెర్షన్‌లో తీసేశారు. ఆ సంగతి తెలియకుండా రెజ్యూమెలో పెట్టారంటే పాత పాఠాన్ని ఉన్నదున్నట్టు దించుకున్నారని అర్థమవుతుంది.

వీటిని నేర్చుకోవడానికి చేయొద్దని నేను ఎప్పుడూ అనను. నెట్‌ఫ్లిక్స్ పేజీని కట్టి చూస్తేనే సీఎస్‌ఎస్ చేతికి వస్తుంది. ఐరిస్‌తో మొదలుపెట్టని డేటా సైంటిస్టులు తక్కువ. నేర్చుకోవడానికి చేసిన పని వేరు, నలుగురికి చూపించడానికి ఎంచుకున్న పని వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది.

పిల్లల్ని తప్పు పట్టబుద్ధి కాదు. ఫైనల్ ఇయర్ వచ్చేసరికి కాలేజీలో ఇచ్చే టాపిక్కుల జాబితా పదేళ్ల కిందటిది. గైడ్‌కు నలభై మంది విద్యార్థులు. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రాజెక్ట్ సెంటర్లు ఉన్నాయి. డబ్బు కడితే కోడు, రిపోర్టు, వైవాకు కావాల్సిన స్లైడ్లు అన్నీ కలిపి ఇస్తాయి. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే విద్యార్థికి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాడికి, దీనికన్నా మంచి దారి ఒకటుందని చెప్పేవాళ్లు ఎవరున్నారు? నాకు బాధ కలిగేది ఎక్కడంటే, అలా వచ్చిన పిల్లల దగ్గరే చూపించదగిన సమస్యలు ఎక్కువ ఉంటాయి. వాళ్లు వాటిని ఇంటి దగ్గరే వదిలేసి, నగరంలో అమ్మేదాన్ని కొనుక్కుని వస్తారు.

నన్ను అడిగిన ప్రతి విద్యార్థికీ నేను చెప్పే మాట ఒకటే: ఎదుట కూర్చుని ప్రశ్నలు అడిగేవాళ్ల కన్నా మీకు బాగా తెలిసిన సమస్యను ఎంచుకోండి. టెక్నాలజీలో మాకు మీకన్నా ఎక్కువ తెలుస్తుంది, అది సహజం. డేటాబేస్ ఇండెక్సుల గురించి మీరు ఏం చెప్పినా దాని మీద ఇంకో ప్రశ్న వేయగలం. కానీ మీ ఇంట్లో, మీ వీధిలో, మీ ఊళ్లో జరిగే వ్యవహారం మాకు తెలియదు. అక్కడ మీరు చెప్పాలి, మేము వినాలి. ఒక ఇంటర్వ్యూలో ఆ క్షణం వచ్చిందంటే గది వాతావరణమే మారిపోతుంది.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు చాలా మామూలుగా ఉంది: మిర్చి కమీషన్ కొట్టు లెక్కలు. పైథాన్, ఫ్లాస్క్, ఎస్‌క్యూలైట్. పేజీలు చూస్తే అందం ఏమీ లేదు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పట్టికలు. మా ప్యానెల్లో ఉన్న కుర్రాడొకడు రియాక్ట్ ఎందుకు వాడలేదని అడిగాడు. "మా నాన్న ఫోన్‌లో తొందరగా తెరుచుకోవాలి సర్, యార్డులో సీజన్ టైంలో నెట్ సరిగా రాదు" అంది. సమాధానం విన్నాక నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

గుంటూరు మిర్చి యార్డు వ్యవహారం బయటివాళ్లకు తేలిగ్గా అంతుపట్టదు. రైతు టిక్కీల్లో, అంటే మిర్చి సంచుల్లో, కాయ తెస్తాడు. తేజ, 334, 341, బాడిగ... రకాన్ని బట్టి ధర. అదే రకంలో నాసిరకం తాలు కాయలు ఉంటే అది వేరే ధర. రేటు క్వింటాకు చెప్తారు, కానీ కాటా టిక్కీ టిక్కీకి పడుతుంది. అందులో సంచి బరువు తీసేయాలి. వచ్చిన మొత్తంలోంచి కమీషన్, హమాలీ కూలి పోవాలి. అంతకు ముందే ఆ రైతు పురుగుమందులకనీ, కూలీలకనీ కొట్టులో డబ్బు వాడుకుని ఉంటాడు. ఆ అసలు, దాని మీద వడ్డీ కూడా తీసేస్తే మిగిలేది రైతు చేతికి. ఇదంతా ఒక చీటీ మీద, జనం గుమిగూడి ఉండగా, నిమిషాల్లో తేలాలి.

"వడ్డీ సంవత్సరానికి ఎంత శాతమమ్మా?" అని అడిగాను.

"అలా లెక్కెయ్యరు సర్. నూటికి రెండు రూపాయలు, నెలకి."

అంటే ఏడాదికి 24 శాతం. యాభై వేలు అయిదు నెలలు వాడితే వడ్డీ అయిదు వేలు. అంతవరకు ఎవరైనా వేస్తారు. నెలా పదిహేడు రోజులైతే? "నాన్న రోజులు లెక్కపెడతాడు సర్. కానీ నెలంటే ముప్పై రోజులే. ఫిబ్రవరి అయినా ముప్పయ్యే." అంతర్జాతీయ బాండ్ల మార్కెట్లో ఇదే పద్ధతికి 30/360 అని పేరుంది, ఆర్థిక సంస్థల సాఫ్ట్‌వేర్లో అదొక ప్రత్యేకమైన ఐచ్ఛికంగా ఉంటుంది. ఆ పేరు ఆ అమ్మాయికి తెలియదు. కానీ క్యాలెండర్ రోజులిచ్చే రెడీమేడ్ ఫంక్షన్ వాడితే తన తండ్రి లెక్కతో కుదరదని గమనించి, తనదైన ఫంక్షన్ రాసుకుంది. రైతు మధ్యలో కొంత డబ్బు కడితే అది ముందు వడ్డీకి పోతుందా, అసలుకు పోతుందా? అదీ తండ్రిని అడిగి రాసింది. ముందు వడ్డీకేనట.

డబ్బును ఎలా దాచావని అడిగాను. పైసల్లో, పూర్ణాంకంగా. ఎందుకని అడిగితే కారణం చెప్పింది. కంప్యూటర్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, దశాంశాలను అది ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది కాబట్టి. ఈ విషయం పుస్తకాల్లో ఉంది. అయితే తను దాన్ని కనిపెట్టింది మాత్రం తండ్రి చీటీకి, తన ప్రోగ్రామ్‌కు పైసల్లో తేడా వచ్చి, కూర్చుని వెతికినప్పుడు. తప్పు పడిన పద్దును చెరపకుండా దానికి ఎదురు పద్దు వేసే పద్ధతి పెట్టింది. మా ప్రోగ్రామర్లకు ఇది నేర్పాలంటే నాకు ఒక పూట పడుతుంది. ఆమెకు చిన్నప్పటి నుంచి కళ్ల ముందున్న ఖాతా పుస్తకంలో అలాగే ఉంది.

నన్ను పూర్తిగా గెలిచింది టెస్టుల దగ్గర. ఆమె రాసిన టెస్టులు తక్కువే. అన్నీ వడ్డీ లెక్కకే. కానీ వాటిలో అంకెలు ఎక్కడివని అడిగితే, తండ్రి పాత ఖాతా పుస్తకంలోంచి, అప్పటికే రైతులతో తెగిపోయిన లెక్కలు తీసుకుందట. పేర్లు తీసేసి. సరైన జవాబు ముందే తెలిసిన నిజమైన లెక్కల మీద ప్రోగ్రామ్‌ను పరీక్షించడం కంటే మంచి టెస్టు నాకు తెలియదు.

ఆ కోడులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఫైళ్లు గజిబిజిగా ఉన్నాయి, ఒక ఫంక్షన్ రెండు వందల లైన్లు. అవి మేము ఆరు వారాల్లో నేర్పగలం. లెక్క ఎక్కడ తప్పుతుందో ముందే అనుమానించే అలవాటును మేము నేర్పలేం. ఆమెను తీసుకున్నాం.

దీన్ని చదివి గుంటూరు వాళ్లందరూ మిర్చి లెక్కలు రాయనక్కర్లేదు. ఆమె బలం మిర్చిలో లేదు, తన ప్రోగ్రామ్‌ను రోజూ వాడే మనిషి ఇంట్లో ఉండటంలో ఉంది. వాడే మనిషి ఉంటే ఫిర్యాదులు వస్తాయి. ఫిర్యాదు వస్తే మార్పు చేయాలి. మార్పు చేస్తే ఇంకేదో పాడవుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇదే. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని రాసుకొచ్చిన కుర్రాణ్ని, పుస్తకం పోతే మీ లైబ్రరీలో ఏం చేస్తారని నేను అడుగుతాను. కాలేజీ లైబ్రేరియన్‌తో ఒక్కసారి మాట్లాడి ఉంటే చాలు, దానికి జవాబు దొరికేది. అదే పాత టాపిక్ కూడా కొత్తదైపోయేది.

ఇంకో కుర్రాడు ఎంసీఏ చేసి వచ్చాడు. వాళ్లమ్మ డ్వాక్రా సంఘానికి లీడర్. నెల నెలా పొదుపు, లోపలి అప్పులు, బ్యాంకు కిస్తీ. సంఘాల లెక్కలు చూసే యానిమేటర్ వచ్చేలోగా పుస్తకాలు సరిచూసుకోవాలి. అతను సభ్యులకు తెలుగులో గుర్తుచేసే మెసేజ్‌లు పంపుదామనుకున్నాడు. ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో పంపితే అది 70కి పడిపోతుంది. దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67 మాత్రమే, ఖర్చు కూడా ముక్కల లెక్కనే. పైగా ఆ డెబ్బై మనం చూసే అక్షరాలు కావు. "స్త్రీ" అని రాస్తే మన కంటికి ఒక అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు. సంఘాలకు అప్పులిచ్చే "స్త్రీ నిధి" పేరు రాయగానే డెబ్బైలో ఎన్ని పోయాయో లెక్క చూసి అతను ఆశ్చర్యపోయాడట.

అంతటితో ఆగలేదు. సంఘం పేరున ఇలా మెసేజ్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థను, మెసేజ్ నమూనాను నమోదు చేయించాలి. పన్నెండు మంది ఆడవాళ్ల సంఘానికి అది కుదిరే పని కాదు. అందుకని ఎస్ఎంఎస్ ఆలోచన మానుకుని, ఒక్క బటన్ నొక్కితే ఆ నెల లెక్క వాట్సాప్‌లో అమ్మ పంపుకోగలిగేలా వాక్యం తయారుచేసి ఇచ్చాడు. కోడులో అది వెనక్కి తగ్గడమే. కానీ ఇంటర్వ్యూలో నాకు అదే ఎక్కువ నచ్చింది. ఏది చేయకూడదని, ఎందుకు చేయకూడదని తేల్చుకోగలిగాడు. అది రీడ్‌మీలో నాలుగు వాక్యాల్లో రాశాడు కూడా.

పెద్ద పేరున్న సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇలాగే పుట్టాయి. స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బెర్గ్ 1996 ప్రాంతంలో ఒక చాట్ రూమ్ బాట్ కోసం రోజువారీ కరెన్సీ మారకం రేట్లు నెట్‌లోంచి తెచ్చుకోవాలనుకున్నాడు. అందుకు అప్పటికే ఉన్న ఒక చిన్న ప్రోగ్రామ్‌ను పట్టుకుని సవరిస్తూ పోయాడు. 1998లో దాని పేరు కర్ల్ అయింది. ఇవాళ మన ఫోన్లలో, కార్లలో, టీవీల్లో అది ఉంది. రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళం ఓడకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నప్పుడు డేటాబేస్ సర్వర్ పనిచేయక ప్రోగ్రామ్ ఆగిపోతుండేది. సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉంటే బాగుండునని 2000లో ఎస్‌క్యూలైట్ మొదలుపెట్టాడు. మిర్చి కొట్టు అమ్మాయి వాడిందీ అదే. ఇద్దరూ పేరు కోసం ప్రాజెక్టు వెతకలేదు, చేతిలో ఉన్న ఇబ్బందిని తీర్చుకున్నారు.

"మా ఇంట్లో వ్యాపారం లేదు సర్, నాన్న ఆఫీసులో పనిచేస్తారు, నేను అపార్ట్‌మెంట్లో పెరిగాను" అని చాలామంది అంటారు. అపార్ట్‌మెంట్లో మెయింటెనెన్స్ లెక్కలు ఎవరు చూస్తున్నారు? ఎండాకాలం వాటర్ ట్యాంకర్ల ఖర్చును ఫ్లాట్లకు ఎలా పంచుతున్నారు, నెలలో సగం రోజులు తాళం వేసిన ఇంటికి ఎంత వేస్తున్నారు? ప్రతి అసోసియేషన్ మీటింగులోనూ దీని మీదే గొడవ. మీ బాబాయికి డీటీపీ షాపుందా? పెళ్లి కార్డులు, కరపత్రాలు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ముక్కలు కూర్చినవి. ఆ పాఠ్యాన్ని నెట్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలంటే వత్తులను, గుణింతాలను సరైన వరుసలోకి తేవాలి. దానికి మార్పిడి పనిముట్లు ఇప్పటికే ఉన్నాయి. అవి ఎక్కడ తడబడుతున్నాయో కనిపెట్టి, ఆ ఒక్క లోపాన్ని సరిచేసి చూపించినా నా వరకు అది గట్టి ప్రాజెక్టే.

తెలుగు వెతుకులాటలో కూడా చేయాల్సింది చాలా ఉంది. "సాఫ్ట్‌వేర్" అనే మాటను ఒకరు ట వత్తు కింద వ చేరకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తు పెట్టి టైపు చేస్తారు, ఇంకొకరు ఆ గుర్తు లేకుండా చేస్తారు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఒకదానితో వెతికితే చాలాచోట్ల రెండోది దొరకదు. ఈ ఒక్క విషయం అర్థం చేసుకుని సరిచేసిన విద్యార్థికి యూనికోడ్ గురించి చెప్పాల్సినది పెద్దగా మిగలదు. ఇలాంటి సమస్యలు కాలిఫోర్నియాలో కూర్చున్న ఇంజనీరుకు కనిపించవు. మనకు కనిపిస్తాయి. ఇది మన పిల్లలకున్న మంచి అవకాశమని నేను గట్టిగా నమ్ముతాను.

డేటా ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది. శుభ్రంగా ప్యాక్ చేసి ఇచ్చిన డేటా వద్దు. కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ యార్డుల ధరలు, రాకడలు రోజువారీగా ఉంటాయి. ఒక పంటను, రెండు మార్కెట్లను తీసుకుని కూర్చోండి. కొన్ని రోజుల వివరాలు ఉండవు. సెలవు వల్ల లేవా, నమోదు చేయక లేవా? ఒకరోజు ధర పదింతలైంది, నిజంగానే పెరిగిందా, సున్నా ఎక్కువ పడిందా? మోడల్ ఎంత కచ్చితమో నేను అడగకపోవచ్చు. ఖాళీలను ఏం చేశారని తప్పకుండా అడుగుతాను. టెస్టింగ్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు సొంతంగా ఏదీ కట్టక్కర్లేదు. అందరూ వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుని, దానిలో తప్పు పట్టుకుని, అది మళ్లీ మళ్లీ ఎలా వస్తుందో మెట్లు మెట్లుగా రాసి పంపిన రిపోర్టులు చూపిస్తే చాలు. ఆ రాత చూస్తే మనిషి తెలుస్తాడు.

ఓపెన్ సోర్స్ గురించి ఇంకో మాట. సొంత ప్రాజెక్టుకు విషయం దొరకనివాళ్లకు అది మంచి దారి, కానీ అక్షరదోషం ఒకటి సరిదిద్ది రెజ్యూమెలో పెద్ద పేరు రాసుకుంటే ప్రయోజనం లేదు. చిన్న బగ్ అయినా సరే, దాని మీద ఆ ప్రాజెక్టు నిర్వాహకులతో జరిగిన సంభాషణ చూపించండి. వాళ్లు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. పరాయివాళ్ల కోడు చదివి, వాళ్ల అభ్యంతరం విని, మళ్లీ రాసి పంపారంటే ఉద్యోగంలో చేసేది మీరు అప్పటికే చేసినట్టే.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ వ్యవహారం చాలా మారింది. అంతకు ముందు కోడు రాయడమే ఒక రుజువు. ఇప్పుడు హాజరు పట్టీ ప్రోగ్రామ్ అడిగిన నిమిషంలో వచ్చేస్తుంది, అందమైన పేజీలతో సహా. యంత్రం సాయం తీసుకున్నారా అని నేను అడగను. మేమూ తీసుకుంటున్నాం. దానికి బదులు ప్రాజెక్టులో చిన్న మార్పు అడుగుతాను. మిర్చి లెక్కల అమ్మాయిని ఇలా అడిగాను: ఇద్దరు అన్నదమ్ములు కలిసి ఒకే లాటు తెచ్చారు, కొట్టులో అప్పు ఒక్కరి పేరునే ఉంది, ఏం చేస్తావు? ఆమె కోడు తెరవక ముందే, అలాంటప్పుడు తండ్రి రెండు చీటీలు రాస్తాడనీ, టిక్కీలను ముందే విడదీయమంటాడనీ చెప్పింది. తర్వాత ఏ పట్టికలో ఏ గడి పెరగాలో చూపించింది. సమస్య తెలిసిన మనిషి ఇలా మాట్లాడుతుంది. ఎంత బాగా రాసిన కోడైనా, ఎవరు రాసిందైనా, సమస్య తెలియకపోతే ఈ ప్రశ్న దగ్గర మాట ఆగిపోతుంది.

ప్రాజెక్టు ఎంపిక అయ్యాక దాన్ని చూపించే తీరు గురించి కొన్ని సంగతులు తొందరగా చెప్పేస్తాను. గిట్‌హబ్‌లో నేను మొదట తెరిచేది రీడ్‌మీ. ఇది ఎవరి కోసం, ఏ ఇబ్బంది తీరుస్తుంది, నా కంప్యూటర్లో ఎలా నడపాలి అన్న మూడు సంగతులు అందులో ఉండాలి. ఆ తర్వాత కమిట్ల చరిత్ర. మొత్తం కోడు ఒకే రోజు, ఒకే కమిట్‌గా పడి ఉంటే పని ఎలా సాగిందో నాకు తెలియదు. నెలల తరబడి చిన్న చిన్న కమిట్లు, మధ్యలో "ఇది పని చేయలేదు, వెనక్కి తీశాను" అని ఉంటే ఆనందంగా చదువుతాను. పాస్‌వర్డులు, క్లౌడ్ తాళాలు కోడులో వదిలేయడం చాలా ప్రమాదం. తర్వాత ఆ లైను తీసేసినా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది, తాళాన్నే మార్చేయాలి. నిజమైన మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు బహిరంగ రిపాజిటరీలో ఎట్టి పరిస్థితుల్లో పెట్టొద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ రైతులు, ఆ అక్కలు మిమ్మల్ని నమ్మి లెక్క చూపించారు.

ఉచిత సర్వర్ల మీద పెట్టిన లింకులను నమ్ముకోకండి. హెరోకు ఉచిత ప్లాన్ 2022 నవంబరులో ఆగిపోయినప్పుడు ఎందరి రెజ్యూమెల్లోనో లింకులు ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ ఒకటి దగ్గర పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

ఎన్ని ప్రాజెక్టులు ఉండాలని అడుగుతారు. ఒకటి చాలు, కానీ అది పూర్తయి ఉండాలి. మైక్రోసర్వీసులు, కుబర్నెటీస్, బ్లాక్‌చైన్ అని పెద్ద పెద్ద పేర్లన్నీ కలిపి సగంలో ఆగిన పని కన్నా, ఒకే ఒక్క లెక్కను సరిగ్గా చేసే చిన్న ప్రోగ్రామ్ నయం. ఉద్యోగానికి తగ్గట్టు ఒక పక్కను కొంచెం లోతుగా చేయండి. బ్యాకెండ్ ఉద్యోగమైతే డేటా ఎలా దాచారన్నది, ఫ్రంటెండ్ అయితే మీ అమ్మ చేతిలో ఆ స్క్రీన్ ఎలా పనిచేసిందన్నది.

ఒక నిజం కూడా చెప్పాలి. వేల మందిని ఒకేసారి తీసుకునే పెద్ద సర్వీసు కంపెనీల క్యాంపస్ ఎంపికల్లో ముందు నిలబెట్టేది ఆన్‌లైన్ పరీక్ష. అక్కడ ప్రాజెక్టుకు అంత బరువు ఉండదు, టెక్నికల్ రౌండులో పది నిమిషాల మాటగా మాత్రం వస్తుంది. చిన్న ప్రొడక్టు కంపెనీలు, స్టార్టప్‌లు, క్యాంపస్‌కు ఎవరూ రాని కాలేజీల విద్యార్థులు బయట వెతుక్కునే ఉద్యోగాలు... అక్కడ ప్రాజెక్టే తలుపు తెరుస్తుంది. ఎవరికి ఏ తలుపు ముందుందో చూసుకుని సమయం పెట్టాలి.

అమెరికాలో ఎంఎస్ ముగించిన మా బంధువుల అబ్బాయి డాలస్ నుంచి ఫోన్ చేశాడు. చదువు తర్వాత అక్కడ పనిచేయడానికిచ్చే ఓపీటీ గడువు మొదలైంది, ఉద్యోగం లేకుండా తొంభై రోజులకు మించి ఉండకూడదన్న నిబంధన తల మీద ఉంది. "బాబాయ్, ఏదైనా పెద్ద ఏఐ ప్రాజెక్టు ఒకటి చెప్పు, రెండు వారాల్లో చేసేస్తా" అన్నాడు. పెద్దది వద్దని చెప్పాను. చదువుకుంటూ వాడు పనిచేసింది యూనివర్సిటీ డైనింగ్ హాల్లో. షిఫ్టులు ఎలా మార్చుకునేవాళ్లని అడిగితే అరగంట ఆపకుండా మాట్లాడాడు: పరీక్షల వారంలో ఎవరూ రారు, వారానికి ఇరవై గంటలు దాటితే వీసాకు ఇబ్బంది, మేనేజర్ దగ్గర ఒక ఎక్సెల్ షీటు, దాని కాపీలు అందరి ఫోన్లలో, ఏది సరైనదో ఎవరికీ తెలియదు. ఆ ఇరవై గంటల హద్దు దాటకుండా షిఫ్టులు మార్చుకునే చిన్న ప్రోగ్రామ్ రాయమన్నాను. ఇద్దరు ఒకే షిఫ్టును ఒకే క్షణంలో తీసుకోబోతే ఏమవుతుందన్న ప్రశ్న దాంట్లో దానంతట అదే వస్తుంది. బ్యాకెండ్ ఇంటర్వ్యూల్లో అడిగేది సరిగ్గా అదే. రాయడం మొదలుపెట్టాడు, పాత మేనేజర్‌తో మాట్లాడి షీటు నమూనా కూడా తెచ్చుకున్నాడు.

వచ్చే వారం మా ప్యానెల్‌కు ఒక కుర్రాడు వస్తున్నాడు, చిత్తూరు జిల్లా వైపు అబ్బాయి. పల్లెలోని పాల సేకరణ కేంద్రం లెక్కలు రాశాడు. పాలలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) చూసి లీటరు ధర కట్టడం, పది రోజులకోసారి రైతులకు చెల్లింపు. కోడు చదివాను. మిషన్ రీడింగ్ లేని పూటలకు అతను నిన్నటి రీడింగ్ వేసేశాడు. కరెంటు పోయిన పూట కేంద్రంలో నిజంగా అలాగే చేస్తారా, రైతు ఒప్పుకుంటాడా, గేదె ఈనిన కొత్తలో వెన్న మారిపోతుంది కదా అప్పుడేం చేస్తారు? ఈ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. వాటికి జవాబులు నాకు తెలియవు, అతను చెప్తే వినాలని ఉంది.